అదుపు ఎవరిది?
మాజీ సైనికుల తాగుడుపై ప్రబలిన వాదానికి ఖండన

సైన్యం నుంచి వచ్చినవాడు తాగుతాడన్న మాట తెలుగు నేల మీదనే కాక, తెలుగు వినిపించే పొరుగు నేల మీద కూడా రుజువు అడగనక్కర లేని సత్యంగా చలామణీ అవుతోంది. బెంగళూరుకు తూర్పున దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో పాత మద్రాసు రోడ్డు మీద ఉన్న హొసకోటెలోనూ, అక్కడి నుంచి కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు దాకా సాగే దారి వెంట పల్లెల్లోనూ ఈ మాట మూడు రూపాల్లో వినిపిస్తుంది. ‘మిలిట్రీలో అలవాటైంది, ఇక పోదు’ అనే నిట్టూర్పు మొదటిది. ‘మనసు గట్టిదైతే మానలేడా’ అనే తీర్పు రెండవది. చదువుకున్నవారు కాస్త జాలి కలిపి చెప్పే ‘యుద్ధం చూసిన మనిషి, మరచిపోవడానికి తాగుతున్నాడు’ అనే వివరణ మూడవది. పైకి వేర్వేరుగా కనిపించినా ఈ మూడూ తాగుడుకు కారణం తాగేవాడి లోపలే ఉన్నదని నమ్ముతాయి: ఒకటి అతని అలవాటును, ఒకటి అతని సంకల్పాన్ని, ఒకటి అతని జ్ఞాపకాన్ని వేలెత్తి చూపుతుంది. సైనికుడి తాగుడు ఒక ఏర్పాటు ఫలితమనీ, ఆ ఏర్పాటులో అతన్ని పట్టి ఉంచే సగం విడుదల రోజున తెగిపోయి, సీసాను అందించే సగం మాత్రం జీవితాంతం కొనసాగడమే అసలు చిక్కు అనీ గమనిస్తే, ఈ మూడు వాదాలూ నిలవవు.

నమ్మకం భాషలోకి ఎంతగా ఇంకిపోయిందో చెప్పడానికి ఒక చిన్న సాక్ష్యం చాలు. బెంగళూరులోనూ చుట్టుపక్కలా మాంసాహారం వడ్డించే భోజనశాలకు ‘మిలిటరీ హోటల్’ అని పేరు. సైనిక క్యాంటీన్ నుంచి వచ్చిన రమ్ముకు పల్లెల్లో ‘మిలిట్రీ మందు’ అని పేరు. సైన్యంతో తెలుగువారి సంబంధం ఇంతకంటె పాతది, లోతైనది. ఒకప్పుడు ఉత్తర భారతంలో ఈస్టిండియా కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారు, ఎందుకంటే తొలి సిపాయిలలో తెలుగు దేశం నుంచి వెళ్లినవారు ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండవ దానికి 1,110 మందిని పంపి, పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరంగా పేరుపడిన ఊరు కూడా తెలుగువారిదే. 1780లో మొదలైన మద్రాసు పయనీర్లు అనే సైనిక దళ పరంపరకు వారసులైన మద్రాస్ ఇంజనీర్ గ్రూపు కేంద్రం బెంగళూరులో అలసూరు చెరువు పక్కన ఉన్నది. ఇంతటి సంబంధం ఉన్న జనం నోట ‘మిలిటరీ’ అన్న విశేషణం చివరికి మాంసానికీ మద్యానికీ అతుక్కుపోవడం విచిత్రమే.

ఈ నమ్మకం రచ్చబండకే పరిమితమై ఉంటే దాన్ని ఇంత శ్రద్ధగా ఖండించవలసిన పని ఉండేది కాదు. సైనికుల వైకల్య పింఛను అర్హతా నియమాల్లో చాలాకాలంగా ఒక సూత్రం ఉన్నది: మద్యం, పొగాకు, మాదకద్రవ్యాల మితిమీరిన వాడకం వల్ల కలిగిన వైకల్యానికి గాని మరణానికి గాని పరిహారం ఉండదు, కారణం అవి సైనికుడి సొంత అదుపులో ఉండే విషయాలు. అదే సైన్యపు ఆసుపత్రి అదే మనిషిని పరీక్షించి ‘ఆల్కహాల్ డిపెండెన్స్ సిండ్రోమ్’, అంటే శరీరమూ మనసూ మద్యం లేకుండా సాగలేని స్థితికి చేరిన రుగ్మత, అని నిర్ధారించి అతని వైద్య శ్రేణిని తగ్గిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మద్యం దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. కొలువులో తగ్గించవలసి వచ్చినప్పుడు అది రోగం, డబ్బు ఇవ్వవలసి వచ్చినప్పుడు అది అతని ఇష్టం: ఒకే ప్రభుత్వం ఒకే మనిషి గురించి రెండు నాలుకలతో మాట్లాడుతున్నదని దీనర్థం.

పండితుల వాదం ఇంతకంటె సున్నితమైనదే కాని, అందులోనూ ఇదే లోపం ఉన్నది. కష్టాన్ని మనిషి ఎదుర్కొనే పద్ధతిని మనస్తత్వ శాస్త్రంలో కోపింగ్ అంటారు. తెలుగులో తట్టుకునే తీరు అనవచ్చు. 1984లో రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ దీన్ని రెండు పాయలుగా చూపారు: సమస్యనే మార్చడానికి చేసే ప్రయత్నం ఒకటి, సమస్య కలిగించిన బాధను మార్చుకోవడానికి చేసే ప్రయత్నం మరొకటి. తర్వాతివారు మూడవదాన్ని, అంటే సమస్య నుంచి ముఖం తిప్పుకుని తప్పుకునే తీరును, వేరుగా లెక్కించసాగారు. మాజీ సైనికులపై వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు తప్పుకునే తీరు గలవారిలో తాగుడూ దిగులూ ఎక్కువని పదేపదే చెప్పడంతో, తప్పుకోవడం ఒక గుణం, ఆ గుణం తాగుడుకు దారి తీస్తుంది, కాబట్టి మంచి తీరు నేర్పితే సరిపోతుంది అన్న సిద్ధాంతం స్థిరపడింది. అయితే ఆ తీరును ఏ కొలబద్దతో కొలిచారో ఒక్కసారి చూడాలి. 1989లో కార్వర్, షైయర్, వైన్‌ట్రాబ్ రూపొందించిన ప్రశ్నావళిలోను, 1997లో వచ్చిన దాని సంక్షిప్త రూపంలోను, కష్టం వచ్చినప్పుడు మద్యాన్నో మత్తుమందునో ఆశ్రయించడం కూడా తట్టుకునే తీరులలో ఒకటిగా లెక్కకు వస్తుంది. తాగుతావా అని అడిగి, తాగుతానన్నవాడిని తప్పుకునేవాడి ఖాతాలో వేసి, ఆపైన తప్పుకునేవారే ఎక్కువ తాగుతున్నారని కనిపెట్టడం చెరువు నీళ్లు చెరువులోనే పోసి చెరువు నిండిందని చాటింపు వేసినట్టే. ఆ ప్రశ్నలను మినహాయించి లెక్కించిన జాగ్రత్తపరులు లేకపోలేదు. వారి అధ్యయనాల్లో కూడా చాలావరకు ఒకే సమయంలో ఒకే మనిషిని రెండు సంగతులూ అడిగినవే కాబట్టి, తప్పుకోవడం వల్ల తాగుడు వచ్చిందో, తాగుడు వల్ల తప్పుకోవడం వచ్చిందో వాటితో తేలదు.

లాజరస్, ఫోక్‌మన్‌ల అసలు మాటను వారి పేరు చెప్పుకునేవారే మరచిపోయారు. ఏ తీరూ దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎదుట ఉన్న పరిస్థితి మార్చగలిగినదైతే మార్చే ప్రయత్నం పనికొస్తుంది, మార్చలేనిదైతే అదే ప్రయత్నం మనిషిని అరగదీస్తుంది. ఈ దృష్టితో సైనిక జీవితాన్ని పరిశీలిస్తే, సిపాయికి పద్దెనిమిదో ఏటి నుంచి నేర్పేది చర్యే: తుపాకి బిగుసుకుంటే విప్పు, వంతెన కూలితే కట్టు, ఆజ్ఞ వస్తే కదులు. చర్యకు లొంగని వాటిని, అంటే ఇంటి నుంచి వచ్చిన చావు కబురును, దొరకని సెలవును, అన్నదమ్ముల పొలం తగాదాను, దూరాన పెరుగుతున్న పిల్లలను ఏం చేయాలో మాత్రం నేర్పరు. వాటి గురించి మాట్లాడకపోవడాన్నే దిట్టతనంగా మెచ్చుకుంటారు. సైనికుల వైద్య శ్రేణిని సూచించే షేప్ పద్ధతిలో మొదటి అంశమే మనఃస్థితి. అందులో శ్రేణి తగ్గితే పదోన్నతి, పోస్టింగు రెండూ చిక్కులో పడతాయని ప్రతి జవానుకూ తెలుసు. చెప్పుకుంటే నష్టం, దాచుకుంటే మెప్పు అన్న లెక్క ఉన్నచోట దాచుకోవడం మనిషి స్వభావం అనడం ఎంతవరకు న్యాయం?

రమ్ము వచ్చి చేరేది ఈ మౌనం పక్కకే. ఎత్తైన శీతల ప్రాంతాల్లో విధి నిర్వహించేవారికి రమ్ము ఇవ్వడం బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన ఆనవాయితీ. నేర్పిన బ్రిటిష్ వారి నౌకాదళమే 1970 జూలై 31తో తన రోజువారీ రమ్ము పంపిణీని ఆపేసింది. చలికి వేడి పుట్టిస్తుందన్నది రమ్ము ఇవ్వడానికి చెప్పే కారణం. నిజానికి మద్యం చర్మం కిందనున్న రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటికి పంపుతుంది. ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుండగానే దేహం చల్లబడుతుంది. సంస్థ తన చేతులతో మందుగా అందించినదాన్ని పదిహేనేళ్లు పుచ్చుకున్నవాడు, పదహారో ఏట దాన్ని వ్యసనంగా గుర్తించలేదని నిందించడంలో ఉన్న అన్యాయం చెప్పనక్కర లేదు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి: బారక్‌లో తాగుడుకు కట్టుబాటు కూడా గట్టిదే. ఇచ్చే కొలత నిర్ణీతం, తాగే సమయం నిర్ణీతం, పక్కన పది మంది ఉంటారు, తెల్లవారగానే పీటీకి నిలబడాలి, రాత్రి ఎక్కువైందో లేదో వరసలో నిలబడిన కాళ్లే చెప్పేస్తాయి. సీసాను అందించే చెయ్యీ, సీసాను ఆపే చెయ్యీ ఒకే ఒంటికి ఉన్నంతకాలం చాలామంది విషయంలో ఆ ఏర్పాటు నడిచిపోతుంది.

విడుదల రోజున తెగేది ఆ ఆపే చెయ్యి. 2022కు ముందు సిపాయిగా చేరినవాడు సాధారణంగా పదిహేను నుంచి ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత, ముప్పై అయిదు నలభై ఏళ్ల వయసులో బయటికి వస్తాడు. ఏటా దేశంలో ఇలా వచ్చేవారు సుమారు 60 వేల మంది. ఆ రోజుతో రోల్ కాల్ పోతుంది, పీటీ పోతుంది, పేరు పెట్టి అరిచే హవల్దారు పోతాడు, పక్క మంచం మీద పడుకునే తోటివాడు పోతాడు. క్యాంటీన్ కార్డు మాత్రం ఉంటుంది. హోదాను బట్టి నెలనెలా ఇన్ని సీసాలన్న కోటా, బయటి అంగడి కంటె తక్కువ ధరకు, బతికినంతకాలం దక్కుతుంది. ఒక పెగ్గు కొలతలో చేతికి వచ్చేది ఇప్పుడు సీసాల లెక్కన ఇంటికి వస్తుంది, బీరువాలో ఉంటుంది, దానికి వేళ లేదు. పైగా ఆ సీసాకు ఊళ్లో మారకపు విలువ కూడా ఉన్నది: పెళ్లిలో బావమరిది అడుగుతాడు, పని చేసి పెట్టినవాడు ఆశిస్తాడు, పండుగకు వచ్చిన మిత్రుడు ‘మిలిట్రీది లేదా అన్నా’ అంటాడు. ర్యాంకుతో వచ్చిన గౌరవం యూనిఫాంతో పాటు పెట్టెలోకి వెళ్లిపోయాక, పూర్వపు హోదాకు మిగిలిన కనిపించే గుర్తు ఆ సీసాయే అవుతుంది. కుటుంబం ‘నువ్వు తాగకు’ అంటుంది గాని, ‘కోటా తేవద్దు’ అనడం అరుదు.

హొసకోటె ఈ చిక్కును దగ్గరగా చూపించే చోటు. వోల్వో వాహనాల కర్మాగారం ఉన్న ఊరు. పక్కనే నరసాపురం, మాలూరు పారిశ్రామిక వాడలు. రోడ్డుకు అటూ ఇటూ బారులు తీరిన గిడ్డంగులు. ఇక్కడి నుంచే మొదలయ్యే చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే. ఇలాంటి చోట గేటు గేటుకూ కాపలాదారు కావాలి, మాజీ సైనికుడు కాపలాకు బాగా పనికొస్తాడని యజమానుల నమ్మకం. చిత్తూరు, కోలారు వైపు నుంచి వచ్చి, ఇల్లు ఊళ్లోనే ఉంచి, అద్దె గదిలో ఉంటూ రాత్రి డ్యూటీ చేసేవాడి దినచర్యను తాగుడును కొలిచే సాధనాలతో పోల్చితే వాటి పరిమితి తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టికలో మొత్తం 40కి 8 లేదా అంతకు మించి వస్తే ప్రమాదకరమైన తాగుడుగా అనుమానిస్తారు. రాత్రి బాగా తాగిన మరునాడు కుదుటపడటానికి పొద్దున్నే తాగవలసి వచ్చిందా అన్నది అందులో ఒక ప్రశ్న. తెల్లవారి ఆరుకు డ్యూటీ దిగి, ఎండ పడే గదిలో నిద్ర పట్టడానికి తాగేవాడికి ఆ పొద్దే రాత్రి. తాగుడు వల్ల మీ నుంచి ఆశించిన పనిని చేయలేకపోయారా అన్నది మరొకటి. గేటు దగ్గర కూర్చోవడం తప్ప అతని నుంచి ఎవరూ ఏమీ ఆశించడం లేదు. మద్యం నిద్రను త్వరగా రప్పిస్తుంది గాని రెండో సగంలో చెడగొడుతుంది, కలలు వచ్చే దశను కుదిస్తుంది; తెగిన నిద్ర చికాకునీ దిగులునీ పెంచుతుంది; దిగులు మళ్లీ సీసా వైపు తిప్పుతుంది. ఈ వలయంలో ఉన్నవాడికి ఓర్పు నేర్పే శిక్షణ తరగతి కంటె పగటి డ్యూటీ ఎక్కువ మేలు చేయవచ్చునని ఏ ప్రశ్నావళీ చెప్పదు, ఎందుకంటే డ్యూటీ వేళ గురించి అది అడగదు.

‘అలవాటైంది, ఇక పోదు’ అన్నవారికి వియత్నాం యుద్ధం జవాబు చెప్పి అర్ధ శతాబ్దం దాటింది. 1971 సెప్టెంబరులో తిరిగి వచ్చిన అమెరికా సైనికులపై లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు జరిపిన అధ్యయనంలో, అక్కడ ఉండగా హెరాయిన్ వంటి మత్తుమందులకు బానిసలమయ్యామని చెప్పినవారు దాదాపు అయిదో వంతు. ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో వారిలో మళ్లీ బానిసలైనవారు 5 శాతం మాత్రమే. మూడేళ్లలో, కొంతకాలమైనా మళ్లీ లొంగినవారు 12 శాతం. మద్యం కంటె బలమైనదిగా పేరుపడిన మత్తు, సరఫరా చేసే చోటు మారగానే, అత్యధికులను చికిత్స కూడా లేకుండానే వదిలిపోయింది. అక్కడ సైనికుడు ఇంటికి వస్తే మత్తు వెనుక ఉండిపోయింది. ఇక్కడ సైనికుడు ఇంటికి వస్తే మత్తు వెంట వస్తుంది, కార్డు రూపంలో, సగౌరవంగా. అలవాటు బలమని ఇక్కడ అనుకుంటున్నది నిజానికి సరఫరా బలం.

యుద్ధ జ్ఞాపకం అన్న మూడో వాదాన్ని తోసిపుచ్చడం కొంత కష్టం, ఎందుకంటే అందులో పాక్షిక సత్యం ఉన్నది. భయంకర సంఘటన తర్వాత పీడకలలు, ఉలికిపాటు, తప్పుకు తిరగడం నెలల తరబడి వదలని స్థితిని అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో పీటీఎస్‌డీ పేరుతో గుర్తించింది. అటువంటి బాధితులు మద్యాన్ని సొంత వైద్యంగా వాడుకుంటారన్న ఊహను 1985లో ఖాంట్జియన్ అనే మానసిక వైద్యుడు ప్రతిపాదించాడు. అయితే భారత సైన్యంలో డ్రైవర్లు, వంటవారు, గుమస్తాలు, మెకానిక్కులు, సిగ్నల్స్‌వారు వేలల్లో ఉన్నారు; కాల్పులు ఎదుర్కోకుండానే సర్వీసు ముగించినవారు ఎందరో. తాగుడుకు యుద్ధమే కారణమైతే వీరికి జాలి దక్కదు: ‘నువ్వేం కార్గిల్ చూశావా’ అన్న ఒక్క మాటతో వారి బాధ నటన అయిపోతుంది. ఇంకో సంగతి, ఎడతెగని తాగుడు తానే దిగులును పుట్టిస్తుంది. పూర్తిగా మానిన కొన్ని వారాల్లో చాలామందిలో ఆ దిగులు మరే మందూ లేకుండా తగ్గుతుందని వైద్యులకు తెలుసు. ప్రతి సీసా అడుగునా ఒక యుద్ధాన్ని వెతికేవారు ఈ మామూలు సంగతిని గమనించరు.

సంకల్పం విషయానికి వస్తే, తెలుగు ఇళ్లలో దానికి చూపే ఉదాహరణ అయ్యప్ప మాల. మండల దీక్షలో 41 రోజులు చుక్క ముట్టనివాడు తర్వాత ఎందుకు ముట్టాలి, కాబట్టి అంతా మనసులోనే ఉన్నదని వాదిస్తారు. దీక్ష నిజానికి చూపేది దీనికి వ్యతిరేకం. తెల్లవారుజామున చన్నీటి స్నానం, ఒకే రంగు దుస్తులు, నేల మీద పడక, వేళకు భోజనం, ‘స్వామీ’ అని పిలిచే తోటివారు, తప్పితే నలుగురూ చూసే అవమానం, చివర ఒక ప్రయాణం: బారక్‌లో పోయినవన్నీ మాలలో తిరిగి దొరుకుతాయి. మాల తీసిన నాడు అవి మళ్లీ పోతాయి, సీసా మళ్లీ వస్తుంది. అదే మనిషి, అదే మనసు. మారింది చుట్టూ ఉన్న కట్టుబాటు. దీనికి తోడు, శరీరం మద్యానికి పూర్తిగా అలవాటుపడినవాడు ఒట్టు పెట్టి ఒక్కసారిగా మానడం ప్రాణాంతకం కావచ్చు: మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు, రెండు మూడు రోజులకు మతి చలించి లేనివి కనిపించే డెలీరియం రావచ్చు. దీనికి వైద్యుల పర్యవేక్షణ, తగిన మందులు, థయమిన్ అనే విటమిన్ కావాలి. సంకల్పాన్ని పొగిడేవారు ఈ హెచ్చరిక కలిపి చెప్పరు.

అందరూ అదే రమ్ము పుచ్చుకుని, అదే కార్డు తెచ్చుకుంటే కొందరే ఎందుకు పడిపోతారన్న ప్రశ్న సహజం, న్యాయమైనది కూడా. వంశపారంపర్యం పాత్ర పెద్దదే. బాల్యం, కుటుంబం, స్వభావం వీటికీ పాత్ర ఉన్నది. కాని 1985లో జెఫ్రీ రోజ్ అనే వైద్యుడు చూపిన భేదం ఇక్కడ పనికొస్తుంది: ఒక గుంపులో ఈ మనిషే ఎందుకు జబ్బుపడ్డాడన్నది ఒక ప్రశ్న, ఆ గుంపులో ఇంతమంది ఎందుకు జబ్బుపడ్డారన్నది వేరే ప్రశ్న. స్వభావం మొదటి దానికి జవాబు చెప్పగలదు, రెండవ దానికి చెప్పలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడిన ఆడవారికి రోజ్ పేరు తెలియదు, భేదం మాత్రం తెలుసు: వారు మగవారి మనసులను సంస్కరించడానికి కూర్చోలేదు, ఊళ్లోకి వచ్చే సారాను అడ్డుకున్నారు, 1993 అక్టోబరు నాటికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దీన్నిబట్టి క్యాంటీన్లు మూయమనడం తొందరపాటు. 1995లో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే ఎత్తివేయవలసి వచ్చిందని కూడా గుర్తుంచుకోవాలి. కోటాను సీసాల్లో కాక అదే విలువ గల ఇతర సరుకుల్లో తీసుకునే వీలు ఇవ్వడం, కోటా పూర్తిగా వాడేవారిని నిందించకుండా వైద్యుడి దగ్గరికి ఒకసారి పంపడం వంటివి నిషేధం కావు.

వైద్యం దూరాన ఏమీ లేదు. వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉన్న బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ హొసకోటెకు గంటన్నర బస్సు ప్రయాణం. 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ పథకం మాజీ సైనికులకూ కుటుంబాలకూ వైద్యం ఇస్తున్నది. ఫోనులో మానసిక సహాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్‌కు సైనికుల కోసం ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో పుణెలో మొదలైంది. అయినా నిమ్హాన్స్ జరిపిన 2015-16 జాతీయ సర్వేలో మద్యపాన రుగ్మత ఉన్నవారిలో సుమారు 86 శాతానికి చికిత్స అందడం లేదని తేలింది. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ ఇచ్చిన నివేదిక ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం దొరికింది. ఇవి దేశమంతటి అంకెలు. ఇరవై ఏళ్లు శ్రేణి తగ్గుతుందని భయపడి దాచుకున్నవాడికి, ఆ భయం పింఛను వచ్చాక కూడా వదలదు. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో వరసలో నిలబడేది కూడా పాత యూనిట్ వారి మధ్యనే.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల కొలువుకు సైన్యంలో చేరిన మొదటివారి గడువు 2026 చివరికి నిండుతుంది. వారిలో నాలుగో వంతును మించకుండా కొనసాగిస్తారు; మిగిలినవారు ఇరవయ్యో పడిలోనే బయటికి వస్తారు, వారికి పింఛను గాని, ఈసీహెచ్ఎస్ గాని, క్యాంటీన్ కార్డు గాని ఉండదని పథకం షరతులు చెబుతున్నాయి. వారిలో కొందరు ఈ దారి మీది గిడ్డంగుల గేట్ల దగ్గరికే చేరతారు. రమ్ముకు పూర్తిగా అలవాటు పడేంత సర్వీసు వారికి లేదు, వెంట తెచ్చుకునే కోటా లేదు. రోల్ కాల్ మాత్రం వారికీ ఆగిపోతుంది, రాత్రి డ్యూటీ వారికీ ఉంటుంది, హొసకోటెలో మద్యం అంగళ్లు వారికీ తెరిచే ఉంటాయి. రేపు వారిలో ఒకడు తాగుడుకు లోబడితే, ‘మిలిట్రీలో అలవాటైంది’ అనడానికి నాలుగేళ్లు సరిపోవు, ‘యుద్ధం చూశాడు’ అనడానికి యుద్ధం ఉండదు. అతని మీద వేయడానికి ‘సొంత అదుపు’ అన్న ఒక్క మాటే మిగులుతుంది, అర్హతా నియమాల్లో అది ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నది.